పరమాణువు అయాన్‌గా ఎలా మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూల్లో రసాయనశాస్త్రం చదివిన ఎవరికైనా ఒక వాక్యం నోటికి వచ్చే ఉంటుంది: "సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి స్థిరత్వం పొందుతుంది." పరీక్షలో మార్కులకు అది చాలు. విషయం అర్థం కావడానికి మాత్రం చాలదు, ఎందుకంటే అందులో అసలు కథ సగమే ఉంది. ఎలక్ట్రాన్ ఊరికే ఊడిపోదు, దాన్ని లాగడానికి శక్తి కావాలి. ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఉప్పు గల్లు దగ్గర నుంచి సూర్యుడి వెలుగు దాకా చాలా సంగతులు తేటపడతాయి. పిల్లలు, వాళ్లకు చదువు చెప్పే పెద్దలు, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఆ కోణంలోనే ఇక్కడ తీసుకున్నాను.

అసలు అయాన్ అంటే ఏమిటి?

విద్యుదావేశం ఉన్న పరమాణువు, లేదా విద్యుదావేశం ఉన్న పరమాణువుల గుంపు. మామూలు పరమాణువు కేంద్రకంలో ప్రోటాన్లు ఎన్ని ఉంటాయో, చుట్టూ ఎలక్ట్రాన్లు కూడా అన్నే ఉంటాయి. అందుకే మొత్తం మీద ఆవేశం సున్నా. ఎలక్ట్రాన్లు తగ్గితే అది ధన అయాన్, అంటే కాటయాన్. పెరిగితే రుణ అయాన్, అంటే ఆనయాన్. ఈ పేర్లను 1834లో వాడుకలోకి తెచ్చింది మైకేల్ ఫారడే. అప్పటికి ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని ఎవరికీ తెలియదు. జె.జె. థామ్సన్ దాన్ని గుర్తించింది 1897లో.

ఎలక్ట్రాన్ పోతే మైనస్ కావాలి కదా, ప్లస్ ఎందుకు అవుతుంది?

ఎలక్ట్రాన్‌కు ఉన్నదే మైనస్ ఆవేశం. పోయింది మైనస్ కాబట్టి మిగిలిన దాంట్లో ప్లస్ పైచేయి అవుతుంది. సోడియంలో 11 ప్రోటాన్లు, 11 ఎలక్ట్రాన్లు. ఒక ఎలక్ట్రాన్ పోయాక +11, –10 మిగులుతాయి, కూడితే +1. క్లోరిన్‌లో 17 ప్రోటాన్లు. ఒక ఎలక్ట్రాన్ అదనంగా చేరితే +17, –18, అంటే –1. ఎప్పుడు సందేహం వచ్చినా ఈ కూడిక వేసుకుంటే చాలు.

ఎప్పుడూ ఎలక్ట్రాన్లే ఎందుకు మారతాయి? ప్రోటాన్లు ఎందుకు కదలవు?

సోడియం బయటి ఎలక్ట్రాన్‌ను లాగడానికి 5.14 ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న ప్రమాణం) శక్తి చాలు. కేంద్రకం నుంచి ఒక ప్రోటాన్‌ను పీకాలంటే కొన్ని మిలియన్ల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. మంటకు గానీ, ఆమ్లానికి గానీ, బ్యాటరీకి గానీ అంత శక్తి లేదు. ఒకవేళ ప్రోటాన్ పోయినా దాన్ని అయాన్ అనం. అది మరో మూలకమైపోతుంది. 11 ప్రోటాన్లు ఉన్నంతవరకు, ఎన్ని ఎలక్ట్రాన్లు పోయినా, అది సోడియమే.

సోడియం తనంతట తాను ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుందా?

వదలదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, అందుకే కాస్త నెమ్మదిగా చూద్దాం.

సోడియంలో ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ పొరలుగా, అంటే కర్పరాలుగా ఉంటాయి; లోపలి నుంచి బయటికి వాటి అమరిక 2, 8, 1. ఆ చివరి ఒక్క ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరంగా ఉంటుంది. పైగా లోపలి 10 ఎలక్ట్రాన్లు కేంద్రకం ఆకర్షణను దానికి పూర్తిగా అందనివ్వవు. కాబట్టి పట్టు సడలుగా ఉంటుంది. సడలుగా ఉందంటే అసలు పట్టే లేదని కాదు. వాయుస్థితిలో ఉన్న ఒక మోల్ (సుమారు 6 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని) సోడియం పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ చొప్పున లాగడానికి 496 కిలోజౌళ్లు ఖర్చవుతుంది. దీన్నే మొదటి అయనీకరణ శక్తి అంటారు. ఒంటరిగా ఉన్న సోడియం పరమాణువును దాని మానాన వదిలేస్తే ఎంతకాలమైనా పరమాణువుగానే ఉంటుంది.

మరి క్లోరిన్ తీసుకుంటుంది కదా, ఆ లాభంతో ఈ ఖర్చు తీరదా? ఒక మోల్ క్లోరిన్ పరమాణువులు ఒక్కో ఎలక్ట్రాన్ తీసుకున్నప్పుడు 349 కిలోజౌళ్లు విడుదలవుతాయి. 496 ఖర్చు, 349 రాబడి. ఇంకా 147 లోటే. అంటే సోడియం ఇచ్చింది, క్లోరిన్ పుచ్చుకుంది, ఇద్దరూ స్థిరపడ్డారు అని చెప్పే కథ లెక్కల్లో నిలవదు. దూరదూరంగా ఉన్న రెండు పరమాణువుల మధ్య ఆ మార్పిడి నష్టమే.

ఈ చిట్టా పూర్తిగా రాస్తే నిజం బయటపడుతుంది. ఘన సోడియంను విడి పరమాణువులుగా చేయడానికి 107 కిలోజౌళ్లు. క్లోరిన్ అణువులను విరిచి ఒక మోల్ పరమాణువులు తేవడానికి 122. సోడియం ఎలక్ట్రాన్‌ను లాగడానికి 496. మొత్తం ఖర్చు 725. క్లోరిన్ దగ్గర వచ్చింది 349. ఇంకా 376 లోటు. ఇప్పుడు ధన అయాన్లు, రుణ అయాన్లు ఒకదాన్నొకటి ఆకర్షించుకుని, ప్రతి సోడియం చుట్టూ 6 క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ 6 సోడియంలు వచ్చేలా స్ఫటికంగా పేరుకుంటాయి. ఆ ఒక్క అంచెలో విడుదలయ్యే శక్తి 787 కిలోజౌళ్లు. దాని పేరు జాలక శక్తి. లోటంతా తీరి, 411 కిలోజౌళ్లు మిగులుతాయి. సోడియం క్లోరిన్‌లో మండినప్పుడు కనిపించే పసుపు రంగు వెలుగు, వేడి ఆ మిగులు నుంచి వచ్చినవే. ఈ లెక్క వేసే పద్ధతిని మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హేబర్ 1919లో చూపించారు. అందుకే దాన్ని బోర్న్–హేబర్ వలయం అంటారు.

కాబట్టి "సోడియం అయాన్ ఎందుకు ఏర్పడింది?" అని అడిగితే నా జవాబు ఇది: ఎలక్ట్రాన్ పట్టు సడలుగా ఉంది కాబట్టి ఖర్చు తక్కువ, చుట్టూ ఎదురు ఆవేశాలు చేరాయి కాబట్టి ఆ ఖర్చు తిరిగి వచ్చింది. ఈ రెండూ కలిస్తేనే అయాన్. "8 ఎలక్ట్రాన్లు కావాలని కోరుకుంది" అనడం జ్ఞాపకం పెట్టుకోవడానికి పనికొస్తుంది గానీ కారణం చెప్పినట్టు కాదు.

అయితే సోడియం రెండో ఎలక్ట్రాన్‌ను కూడా ఇచ్చి +2 ఎందుకు కాదు?

రెండో ఎలక్ట్రాన్ లోపలి కర్పరంలో ఉంది. కేంద్రకానికి దగ్గర, అడ్డు తక్కువ. దాన్ని లాగడానికి 4,562 కిలోజౌళ్లు కావాలి. మొదటిదానికి 9 రెట్లు పైనే. +2 అయాన్ల స్ఫటికం ఎంత బలంగా పేరుకున్నా ఈ ఖర్చు తిరిగి రాదు.

మెగ్నీషియం సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. దాని అయనీకరణ శక్తులు వరుసగా 738, 1,451, 7,733. రెండు ఎలక్ట్రాన్ల దాకా మెట్లు మామూలుగా ఉండి, మూడో దగ్గర గోడ కట్టినట్టు లేచాయి. అందుకే మెగ్నీషియం +2 దగ్గర ఆగుతుంది. అల్యూమినియంలో 578, 1,817, 2,745 తర్వాత ఒక్కసారిగా 11,577. అది +3 దగ్గర ఆగుతుంది. ఎలక్ట్రాన్లు కర్పరాలుగా ఉన్నాయని పుస్తకంలో బొమ్మ చూసి నమ్మనక్కర్లేదు. ఈ అంకెలే సాక్ష్యం.

క్లోరిన్ ఒక్కదానితోనే ఎందుకు సరిపెట్టుకుంటుంది?

క్లోరిన్ అమరిక 2, 8, 7. బయటి కర్పరంలో ఇంకొకదానికే చోటుంది, ఆ చోటు మీద కేంద్రకం లాగుడు బలంగా ఉంటుంది. అది నిండాక వచ్చే ఎలక్ట్రాన్ దూరంగా ఉన్న కొత్త కర్పరంలో చేరాలి. పైగా అప్పటికే మైనస్ అయిన అయాన్ దాన్ని నెట్టేస్తుంది.

ఆక్సిజన్ విషయంలో ఒక వింత ఉంది. మొదటి ఎలక్ట్రాన్ చేరినప్పుడు 141 కిలోజౌళ్లు విడుదలవుతాయి. రెండోదాన్ని చేర్చడానికి మాత్రం అంతకు ఎన్నో రెట్లు శక్తి మనమే పెట్టాలి. అయినా సున్నంలో, మెగ్నీషియం ఆక్సైడ్‌లో –2 ఆక్సైడ్ అయాన్ హాయిగా ఉంది. ఎందుకంటే చుట్టూ ఉన్న +2 అయాన్ల ఆకర్షణ ఆ ఖర్చు భరిస్తోంది. ఒంటరిగా వాయువులో ఆ అయాన్ నిలవదు.

అయాన్ అయ్యాక సైజు మారుతుందా?

బాగా మారుతుంది. సోడియం పరమాణు వ్యాసార్ధం 186 పికోమీటర్లు (మీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక పికోమీటరు), అయాన్ అయ్యాక 102. ఒక కర్పరం మొత్తం పోయింది కదా. క్లోరిన్ 99 నుంచి 181కి పెరుగుతుంది. అదే 17 ప్రోటాన్లు ఇప్పుడు 18 ఎలక్ట్రాన్లను పట్టుకోవాలి, ఆ ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. కాబట్టి ఉప్పులో పెద్దది క్లోరైడ్, చిన్నది సోడియం. విడి పరమాణువుల్లో ఇది తలకిందులు.

ప్రతి అయాన్‌కూ బయట 8 ఎలక్ట్రాన్లు ఉండాల్సిందేనా?

అక్కర్లేదు. అష్టక నియమం ఆవర్తన పట్టికలో ఎడమ చివర, కుడి చివర బాగా పనిచేస్తుంది. మధ్యలో ఉన్న లోహాల దగ్గర చేతులెత్తేస్తుంది. ఇనుము అమరిక 2, 8, 14, 2. ముందు పోయేవి బయటి రెండు. అప్పుడు +2, అంటే ఫెర్రస్ అయాన్, 2, 8, 14. ఇంకొకటి పోతే +3, ఫెర్రిక్ అయాన్, 2, 8, 13. రెండింట్లోనూ బయట 8 లేవు. అయినా రెండూ మన చుట్టూ పుష్కలంగా ఉన్నాయి.

ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లు కొట్టగానే తేటగా ఉంటాయి. బిందెలో కాసేపు ఉంచితే పసుపు రంగుకు తిరిగి, అడుగున తుప్పురంగు మడ్డి పేరుకుంటుంది. భూమి లోపల గాలి సోకక ఇనుము +2గా నీళ్లలో కరిగి ఉంటుంది. పైకి రాగానే గాలిలోని ఆక్సిజన్ దాని దగ్గర ఇంకో ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. +3 ఇనుము మామూలు నీళ్లలో కరగదు, హైడ్రాక్సైడ్‌గా దిగిపోతుంది. ఒక్క ఎలక్ట్రాన్ తేడాతో నీళ్ల రంగే మారిపోయింది.

ఉప్పును నీళ్లలో వేస్తే అప్పుడు అయాన్లు తయారవుతాయా?

కావు. డబ్బాలో ఉన్న పొడి ఉప్పులోనే అవి అయాన్లుగా ఉన్నాయి. నీళ్లు వాటిని విడదీస్తాయంతే. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కాస్త మైనస్, హైడ్రోజన్ల వైపు కాస్త ప్లస్ ఉంటాయి. ఆక్సిజన్ కొసలు సోడియం చుట్టూ, హైడ్రోజన్ కొసలు క్లోరైడ్ చుట్టూ మూగి, స్ఫటికం నుంచి లాక్కుపోతాయి. ఒక గ్రాము ఉప్పులో సోడియం అయాన్లు సుమారు 1 పక్కన 22 సున్నాలు పెట్టినన్ని, క్లోరైడ్లూ అన్నే.

పొడి ఉప్పులో కరెంటు ప్రవహించదు, ఎందుకంటే అయాన్లు ఉన్నచోటు నుంచి కదల్లేవు. కరిగిస్తే ప్రవహిస్తుంది. 801 డిగ్రీల దగ్గర ద్రవంగా చేసినా ప్రవహిస్తుంది. ఈ మాట చెప్పడానికి స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ చాలా కష్టపడాల్సి వచ్చింది. ద్రావణంలో అయాన్లు విడివిడిగా తిరుగుతాయన్న ఆలోచన ఉన్న ఆయన 1884 నాటి డాక్టరేట్ సిద్ధాంత గ్రంథానికి ఉప్సాలా విశ్వవిద్యాలయం బొటాబొటి మార్కులేసింది. దానికే 1903లో నోబెల్ బహుమతి వచ్చింది.

హైడ్రోజన్ క్లోరైడ్ కథ వేరు. వాయువుగా ఉన్నప్పుడు దాంట్లో అయాన్లు లేవు, అది సమయోజనీయ బంధమున్న (ఎలక్ట్రాన్లను పంచుకున్న) అణువు. నీళ్లలో కలిసినప్పుడు ప్రోటాన్‌ను, అంటే ఎలక్ట్రాన్ పోయిన హైడ్రోజన్‌ను, నీటి అణువుకు అప్పగించి, అప్పుడు అయాన్లుగా విడిపోతుంది. పరీక్షల్లో ఈ రెంటి మధ్య తేడా తరచుగా అడుగుతారు.

నీళ్లలో ఫ్లోరైడ్ అంటే ఫ్లోరిన్ వాయువు కలిసిందనా?

కాదు. తెలుగు నేల మీద ఇది తెలుసుకుని తీరాల్సిన విషయం. ఫ్లోరిన్ వాయువు భయంకరమైన చురుకుదనం ఉన్న పదార్థం, ప్రకృతిలో విడిగా దొరకడమే బహు అరుదు. దాని పరమాణువు అమరిక 2, 7. ఒక ఎలక్ట్రాన్ చేరి 2, 8 అయితే ఫ్లోరైడ్ అయాన్. నల్లగొండ ప్రాంతపు గ్రానైటు రాళ్లలోని ఖనిజాల్లో అది ఎప్పుడో అయాన్‌గానే ఉంది. భూగర్భ జలం ఆ రాళ్లను ఒరుసుకుంటూ ఏళ్ల తరబడి నిలిచి, ఆ అయాన్లను కరిగించుకుంది.

ఈ అయాన్‌కు రంగు లేదు, వాసన లేదు. కంటికి తేటగా ఉన్న నీళ్లే ఎముకలను వంచేశాయి. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదిక వచ్చింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు.

ఎముకనూ పంటినీ ఎందుకు పట్టుకుంటుందంటే, అక్కడి ప్రధాన ఖనిజంలో కాల్షియం, ఫాస్ఫేట్ అయాన్లతో పాటు హైడ్రాక్సైడ్ అయాన్ ఉంటుంది. ఫ్లోరైడ్‌కూ దానికీ ఆవేశం ఒకటే, సైజూ దాదాపు ఒకటే. అందుకని దాని చోట్లో ఇది కూర్చుంటుంది. కొద్ది మోతాదులో పంటిని గట్టిపరుస్తుంది. ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి చేరితే పళ్లపై మచ్చలు, కీళ్లు బిగుసుకుపోవడం, ఎముకలు వంకర్లు పోవడం.

నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోతుందా అని చాలామంది అడుగుతారు. పోదు. ఆవిరైపోయేది నీరే కాబట్టి మిగిలిన నీళ్లలో దాని శాతం ఇంకా పెరుగుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించి, నల్లగొండ పేరే పెట్టిన పద్ధతిలో పటిక, సున్నం కలుపుతారు. పటికలోని అల్యూమినియం హైడ్రాక్సైడ్ తుంపులుగా మారి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. ఆర్‌వో యంత్రాలూ దీన్ని తగ్గిస్తాయి. ఫ్లోరైడ్ లేని నదీజలాన్ని ఇంటిదాకా తేవడం వీటన్నిటికన్నా మేలు.

ఎలక్ట్రాన్ మార్పిడిని కళ్లారా చూడొచ్చా?

చూడొచ్చు. గాజు గ్లాసులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం) నీళ్లలో కరిగించి, గరుకు కాగితంతో తోమిన ఇనుప మేకును అందులో వేయండి. కాసేపటికి మేకు మీద ఎర్రటి రాగి పూత వస్తుంది. గంటలు గడిచేకొద్దీ నీలం రంగు పలచబడి ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చి +2 అయాన్‌గా నీళ్లలోకి దిగింది. రాగి అయాన్ ఆ రెంటినీ పుచ్చుకుని లోహంగా మేకుకు అంటుకుంది. మైలుతుత్తం విషం, కాబట్టి వంటింటి గ్లాసులు వాడొద్దు, చేతులు సబ్బుతో కడుక్కోండి.

వేడితో, ఎండతో కూడా పరమాణువులు అయాన్లవుతాయా?

అవుతాయి, అప్పుడు ఎలక్ట్రాన్‌ను తీసుకునే పరమాణువు అవసరం లేదు. తగినంత శక్తి ఉన్న అతినీలలోహిత కిరణం తగిలితే ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. నేల నుంచి 60 కిలోమీటర్ల పైన మొదలయ్యే అయనావరణం అలా ఏర్పడిందే. అందులోని కింది పొర రాత్రి మాయమవుతుంది. అది పగటిపూట మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది కాబట్టే దూరపు రేడియో స్టేషన్లు రాత్రిళ్లు బాగా వినిపిస్తాయి. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో పెద్ద రాడార్‌తో ఈ పొరలను గమనిస్తుంటారు.

నక్షత్రాల్లో ఆ పని వేడి చేస్తుంది. ఎంత వేడికి, ఎంత పీడనం దగ్గర, ఎన్ని పరమాణువులు అయాన్లవుతాయో చెప్పే సమీకరణాన్ని 1920లో ప్రచురించినవాడు మన మేఘనాద్ సాహా. సూర్యుడి పై పొరల వర్ణపటంలో (రంగులుగా విడిపోయిన వెలుగులో) అయాన్ అయిన కాల్షియం గీతలు అంత ప్రస్ఫుటంగా ఎందుకు కనిపిస్తాయన్నది అప్పటి చిక్కుముడి. పైకి పోయేకొద్దీ పీడనం తక్కువ, ఊడిన ఎలక్ట్రాన్‌కు తిరిగి చేరుకోవడానికి అయాన్ తొందరగా దొరకదు, అందుకని అయాన్లు అయాన్లుగానే మిగిలిపోతాయి అని ఆయన చూపించారు. వేర్వేరు నక్షత్రాల వర్ణపటాలు వేర్వేరుగా ఉండటానికి ప్రధాన కారణం ఉష్ణోగ్రతే అని అలా తేలింది. భారతీయ విజ్ఞానంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా ఇష్టపడే పని ఇది.

"నెగెటివ్ అయాన్" కంకణాలు, లాకెట్లు ఆరోగ్యానికి మంచివేనా?

కొనొద్దు. ఒంటి మీద వేసుకున్న వస్తువు నుంచి ఆగకుండా అయాన్లు రావాలంటే, గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను పీకే శక్తి ఎక్కడో ఉండాలి. ఇలాంటి కొన్ని వస్తువుల్లో ఆ శక్తి రేడియోధార్మిక థోరియం ఉన్న ఖనిజపు పొడి నుంచి వస్తోంది. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ అలాంటి పది వస్తువుల పేర్లు ప్రకటించి, వాడొద్దని హెచ్చరించింది.

అయాన్‌ను మళ్లీ పరమాణువుగా మార్చగలమా?

ఖర్చు పెడితే మార్చవచ్చు. 1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ కరిగించిన క్షారాల గుండా కరెంటు పంపి, సోడియం, పొటాషియం లోహాలను మొదటిసారి వేరు చేశాడు. ఇప్పుడు కర్మాగారాల్లో ద్రవంగా మారిన ఉప్పు నుంచే సోడియం తీస్తారు. కాల్షియం క్లోరైడ్ కలిపితే 600 డిగ్రీల దగ్గరే పని జరుగుతుంది. కాథోడ్ (మైనస్ కొస) దగ్గర సోడియం అయాన్లకు ఎలక్ట్రాన్ అంది లోహం వస్తుంది. ఆనోడ్ (ప్లస్ కొస) దగ్గర క్లోరైడ్ తన అదనపు ఎలక్ట్రాన్‌ను వదిలి క్లోరిన్ వాయువవుతుంది. పైన చిట్టాలో మిగిలిన 411 కిలోజౌళ్లను ఇక్కడ కరెంటు రూపంలో తిరిగి కట్టాలి, నిజానికి వృథా పోయేదాన్ని కూడా కలుపుకుంటే అంతకన్నా ఎక్కువే. అలా వచ్చిన సోడియంను కిరోసిన్‌లో ముంచి దాచాలి. గాలిలో వదిలేస్తే ఆక్సిజన్, తేమ తగిలి, చూస్తుండగానే మళ్లీ అయాన్లుగా మారిపోతుంది.